వెబ్‌సైటుకు, సాఫ్ట్‌వేర్‌కు మెనూ ఎలా ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు దుకాణాలు, సహకార సంఘాలు, కళాశాలలు, రైస్ మిల్లుల కోసం వెబ్‌సైట్లు, చిన్న సాఫ్ట్‌వేర్లు చేసేవారూ చేయించుకునేవారూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. లోగో రంగు మీద వారం రోజులు వాదించుకుని, మెనూను చివరి పది నిమిషాలకు వదిలేయడం మనకు అలవాటు. అందుకే కొన్ని జవాబులు కాస్త పొడుగ్గా ఉన్నాయి.

మా సంస్థలో ఉన్న విభాగాలనే మెనూలో వరుసగా పెడితే సరిపోదా?

సరిపోదు. ఎక్కువ మెనూలు చెడిపోయేది ఇక్కడే. ఒక చేనేత సహకార సంఘం సైటు తీసుకుందాం. సంఘం లోపల పాలకవర్గం, ఉత్పత్తి, ముడిసరుకు, మార్కెటింగ్, ఖాతాలు అని విభాగాలుంటాయి. మెనూ రాసివ్వమని పెద్దలను అడిగితే ఇదే వరుస వస్తుంది, తలమీద అధ్యక్షుల సందేశంతో సహా. కానీ సైటుకు వచ్చేదెవరు? హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి గద్వాల చీర కొనాలనుకుంటున్న ఆవిడ. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు ఉన్నవి ఎక్కడ, ధర ఎంత, జాకెట్టు గుడ్డ కలిసి వస్తుందా, ఎన్ని రోజుల్లో చేరుతుంది, రంగు తేడా వస్తే వాపసు తీసుకుంటారా అన్నవి ఆవిడ ప్రశ్నలు. ఆమె తర్వాత టోకు వ్యాపారి. ఆ తర్వాత సంఘం సభ్యులు: నూలు ఎప్పుడు వస్తుంది, కూలి జమ అయిందా అని చూసుకునేవారు.

ఈ ముగ్గురి పనుల్లోంచి మెనూ పుట్టాలి. చీరలు, టోకు కొనుగోలు, డెలివరీ-వాపసు, సభ్యులకు, మా సంఘం, ఫోన్-చిరునామా. అంతే. అధ్యక్షుల సందేశం 'మా సంఘం' పేజీలో హాయిగా ఉంటుంది. ఆయన నొచ్చుకుంటారని భయమైతే అక్కడ ఫోటో కొంచెం పెద్దది వేయండి.

మెనూలోని ప్రతి పేరుకూ ముందు 'నాకు', వెనక 'కావాలి' చేర్చి పైకి చదవండి. 'నాకు టోకు కొనుగోలు వివరాలు కావాలి' అని మనుషులు అంటారు. 'నాకు మార్కెటింగ్ విభాగం కావాలి' అని అడిగేది మహా అయితే ఆడిటరు.

మెనూలో ఏడు అంశాలకు మించకూడదంటారు. నిజమేనా?

నిజం కాదు. ఈ ఏడు అనే అంకె 1956లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ రాసిన వ్యాసం నుంచి ప్రచారంలోకి వచ్చింది. ఆయన మాట్లాడింది మనిషి చూసిన, విన్న వాటిలో కొద్దిసేపు మనసులో నిలుపుకోగలిగే అంశాల గురించి. మెనూ కళ్ల ముందే ఉంటుంది కాబట్టి జ్ఞాపకం పెట్టుకోవలసిన పని లేదు, చూసి పోల్చుకుంటే చాలు. ఎనిమిదో తొమ్మిదో అయితే కొంపేమీ మునగదు.

పైగా ఏడు దాటకూడదని పట్టుబట్టినవారు మిగిలిన పేజీలను పొర కింద పొరగా దాచేస్తారు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది. కెవిన్ లార్సన్, మేరీ చెర్విన్‌స్కీ 1998లో ప్రచురించిన పరీక్షలో 512 అంశాలను మూడు రకాలుగా అమర్చి జనం చేత వెతికించారు. మొదటిది మూడు పొరలు, ప్రతి పొరలో ఎనిమిదేసి అంశాలు. మిగతావి రెండేసి పొరలు: ఒకదానిలో పైన 16, కింద 32; మరొకదానిలో పైన 32, కింద 16. మూడు పొరల అమరికలోనే వెతకడానికి ఎక్కువ సమయం పట్టింది. పైన 16, కింద 32 ఉన్నది అన్నిటికన్నా త్వరగా పని ముగించింది.

కారణం ఊహించడం కష్టం కాదు. ప్రతి పొర దగ్గరా 'నాకు కావలసింది దీని కింద ఉంటుందేమో' అని మనిషి ఒక పందెం కాస్తాడు. పందెం తప్పితే వెనక్కి రావాలి. అమ్రాబాద్ దాటి నల్లమలలోకి పోతూ సిగ్నల్ అరకొరగా ఉన్న ఫోన్‌లో వెనక్కి రావడమంటే పేజీ మళ్లీ తెరుచుకునేదాకా ఎదురుచూడడమే.

అలాగని 40 పేర్లు ఒకే గుంపుగా పోయమని కాదు. గుంపులు చేసి ప్రతి గుంపుకూ శీర్షిక పెట్టాలి. చిన్న దుకాణానికి ఐదారు అంశాలు చాలు. డిగ్రీ కళాశాలకు ఎనిమిది దాకా సహజం.

అంశాలను ఏ వరుసలో పెట్టాలి?

ఎక్కువమంది చేసే పని ముందు. పనికి సహజమైన క్రమం ఉంటే ఆ క్రమంలో: ప్రవేశాలు, ఫీజులు, పరీక్షలు, ఫలితాలు. అక్షరక్రమం జిల్లాల పేర్ల వంటి పెద్ద జాబితాలకు పనికొస్తుంది, ఐదారు అంశాల మెనూకు కాదు.

జిల్లా ఎంచుకునే జాబితాలో మావాళ్లు తడబడుతున్నారు. తప్పు ఎక్కడుంది?

చాలాచోట్ల ఉంటుంది. మన ప్రాంతంలో ఫారాలు చేసేవారు దీన్ని తేలికగా తీసుకోకూడదు.

మొదటిది అక్షరక్రమం. ఇంగ్లిషు జాబితాను అలాగే తెలుగు చేస్తే ఆదిలాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, హనుమకొండ, హైదరాబాద్, జగిత్యాల అని వస్తుంది. తెలుగు వరుసలో చూసేవారికి భ తర్వాత హ, హ తర్వాత జ రావడం తలాతోకా లేని జాబితా. తెలుగు పేజీకి తెలుగు క్రమంలోనే పేర్చాలి. భాష మార్చగానే వరుస కూడా మారేలా ప్రోగ్రాములో రాయించుకోండి.

రెండోది పేర్లు. గద్వాల మనిషి గ దగ్గర వెతుకుతాడు, జాబితాలో అది 'జోగులాంబ గద్వాల' అని జ కింద ఉంటుంది. భువనగిరివారు భ దగ్గర చూస్తారు, అది 'యాదాద్రి భువనగిరి'గా ఎక్కడో అడుగున య కింద ఉంటుంది. పేరు టైపు చేసి వెతికే వీలుంటే, అందులో ఏ భాగం కొట్టినా దొరికేలా ఉండాలి. 'నల్గొండ' అన్నా 'నల్లగొండ' అన్నా ఒకే జిల్లా రావాలి. 'పాలమూరు' అని కొడితే మహబూబ్‌నగర్ రావాలి.

మూడోది చరిత్ర. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగింది. ఉమ్మడి నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరయింది. షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోకి, కొడంగల్ వికారాబాద్ జిల్లాలోకి పోయాయి. కానీ జనం నోట్లో ఉమ్మడి జిల్లా ఇంకా బతికే ఉంది. 'మాది పాలమూరే' అనే షాద్‌నగర్ పెద్దమనిషి మహబూబ్‌నగర్‌ను ఎంచుకుని, కింద మండలాల జాబితాలో తన మండలం లేదని మీకు ఫోన్ చేస్తాడు. అప్పుడు ఆయనను తప్పుపట్టి ప్రయోజనం లేదు. మండలం పేరు కొట్టగానే జిల్లా తానే నిండేలా చేయడం మీ పని.

నాలుగోది వేలు. తెలుగు క్రమంలో నల్గొండ, నాగర్‌కర్నూల్, నారాయణపేట, నిజామాబాద్, నిర్మల్ ఒకదాని కింద ఒకటి వస్తాయి. వరుసల మధ్య చోటు లేకపోతే బొటనవేలు పక్కదాని మీద పడుతుంది, పేర్లు కూడా పోలికగా ఉండడంతో తప్పు కంటపడదు. అందుకే పంపే ముందు 'మీరు ఎంచుకున్న జిల్లా ఇది' అని పెద్ద అక్షరాల్లో చూపించాలి.

నన్నడిగితే, చిరునామా కోసమే అయితే 33 పేర్ల జాబితా కంటే ముందు పిన్‌కోడ్ అడగడం మేలు. నల్గొండ పట్టణానిది 508001, మహబూబ్‌నగర్‌ది 509001. ఆరు అంకెలు చేతికి వచ్చాక చూపవలసిన ఊళ్లు కొన్నే మిగులుతాయి. పిన్‌కోడ్‌ను మాత్రం జిల్లాకు గుర్తుగా తీసుకోకండి: షాద్‌నగర్, కొడంగల్ పిన్‌కోడ్‌లు ఇప్పటికీ 509తోనే మొదలవుతాయి.

మెనూ పేర్లు తెలుగులో పెట్టాలా, ఇంగ్లిషులోనా?

చదివేవారు తెలుగువారైతే తెలుగు లిపిలో. కానీ లిపి తెలుగైనంత మాత్రాన ప్రతి మాటనూ అనువదించనక్కరలేదు. లాగిన్, ఫీజు, బిల్లు, హాల్‌టికెట్, డౌన్‌లోడ్ అందరికీ తెలిసినవి. వాటిని తెలుగు లిపిలో రాస్తే చాలు. 'ప్రవేశించుము', 'అధోభారణము' అని రాసి భాషాసేవ చేశామనుకుంటే, కౌంటరు దగ్గర కూర్చున్న అబ్బాయి రోజంతా వాటికి అర్థం చెబుతూ గడపాలి.

రెండు భాషలూ ఉంటే భాష మార్చే బటన్ పేజీ పైభాగంలో కనిపించాలి. దాని మీద 'తెలుగు' అని తెలుగులోనే రాయాలి. ఇంగ్లిషు రాకపోవడం వల్లే తెలుగు వెతుక్కునే మనిషికి దారి ఇంగ్లిషులో చూపిస్తే ఎలా? జెండా బొమ్మలు వద్దు, జెండా దేశానిది.

'సేవలు', 'మరిన్ని', 'ఇతరములు' అనే పేర్లు వాడవచ్చా?

వీలైనంతవరకు వద్దు. 'సేవలు' కింద ఏదైనా ఉండవచ్చు, అందుకే ఎవరూ ఏమీ ఊహించలేరు. కంటి ఆసుపత్రి అయితే 'కంటి పరీక్షలు, ఆపరేషన్లు' అని రాయండి. 'ఇతరములు'లో నాలుగు కన్నా ఎక్కువ చేరాయంటే గుంపులు సరిగా కుదరలేదని అర్థం. ఫోన్ కింది పట్టీలో చోటు చాలక 'మరిన్ని' పెట్టక తప్పని సందర్భం ఉంటుంది. అప్పుడు రోజువారీ పనులేవీ అందులోకి పోకుండా చూడండి.

తెలుగు పెట్టగానే మెనూలో కింది వత్తులు తెగిపోతున్నాయి. ఎందుకు?

డిజైను ఇంగ్లిషు అక్షరాల ఎత్తు చూసి చేశారు కాబట్టి. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. 'రాష్ట్రం', 'స్త్రీ' వంటి మాటల్లో రెండు వత్తులు కలిసి ఇంకా కిందికి దిగుతాయి. మెనూ పట్టీకి ఎత్తును పిక్సెళ్లలో (తెర మీది చుక్కల లెక్కలో) బిగించేస్తే అవి కత్తిరించినట్టు పోతాయి. ఎత్తు బిగించకుండా పైనా కిందా ఖాళీ ఇవ్వండి. వరుస ఎత్తును అక్షర పరిమాణానికి కనీసం 1.6 రెట్లు ఉంచి చూడండి.

అక్షరాల మధ్య అదనపు ఎడం పెట్టకండి. వాలు అక్షరాలు వద్దు. ఇంగ్లిషులో పెద్దబడి అక్షరాలతో శీర్షికను వేరుచేసే పద్ధతి తెలుగులో పనిచేయదు, మనకు ఆ తేడా లేదు. మందం, రంగు, పరిమాణాలతో వేరుచేయాలి. వెడల్పు కూడా చూసుకోండి. 'సంప్రదించండి' అన్నది ఇంగ్లిషు మాట కోసం కొలిచిన బటన్‌లో పట్టక చివర మూడు చుక్కలై 'సంప్రదిం…' అని మిగులుతుంది. 'ఫోన్ చేయండి' అంటే పడుతుంది, అర్థమూ తిన్నగా ఉంటుంది.

మూడు గీతల గుర్తు కింద మెనూ దాచవచ్చా?

ఆ గుర్తు కొత్తదేమీ కాదు. జిరాక్స్ సంస్థ 1981లో తెచ్చిన స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీసింది. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక మళ్లీ బయటికొచ్చింది. యువతకు బాగా అలవాటే. కానీ దాచినదాన్ని చూసేవాళ్లు తగ్గుతారు, అది ఎక్కడైనా అంతే. నాలుగైదు పనులే ఉన్న సైటుకు ఆ గుర్తు అనవసరం, వాటిని ఫోన్ తెర కింది అంచున పేర్లతో సహా పరిచేయండి, బొటనవేలికీ దగ్గర. అంశాలు ఎక్కువై దాచక తప్పకపోతే గీతల పక్కన 'మెనూ' అని రాయండి. రెండు అక్షరాలే కదా.

మౌస్ పెట్టగానే తెరుచుకునే మెనూలు బాగుంటాయా?

చూడ్డానికి. ఫోన్‌లో మౌస్ ఉండదు కనుక అక్కడ అవి తెరుచుకోవు, లేదా మొదటి తాకుడుకే వేరే పేజీకి తీసుకుపోతాయి. కంప్యూటర్‌లోనూ ఉపమెనూ వైపు మౌస్ అడ్డంగా జరుపుతుంటే దారిలో ఇంకో అంశం తగిలి తెరిచింది మూసుకుపోతుంది. నొక్కితే తెరుచుకునే మెనూ పెట్టండి. మళ్లీ నొక్కితేనో, బయట ఎక్కడైనా నొక్కితేనో మూసుకోవాలి.

బటన్ ఎంత పెద్దదిగా ఉండాలి?

ఆండ్రాయిడ్ సూచన 48 యూనిట్లు, అంటే తెర మీద సుమారు 9 మిల్లీమీటర్లు. ఆపిల్ 44 అంటుంది. 2023లో వచ్చిన అంతర్జాతీయ వెబ్ అందుబాటు ప్రమాణం 2.2లో కనీస కొలత 24 పిక్సెళ్లు, కాని అది దాటకూడని అడుగు గీత మాత్రమే. పత్తి ఏరి వచ్చిన చేతులకు, బత్తాయి తోటలో తడి వేళ్లకు 48 కన్నా తగ్గించకండి.

దీని వెనకున్న సూత్రం 1954 నాటిది. లక్ష్యం చిన్నదైనా దూరమైనా చేరడానికి ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ లెక్కగట్టాడు. మెకింటోష్ కంప్యూటర్‌లో మెనూ పట్టీ తెర పై అంచునే ఉండడంలోని లాభం కూడా అదే. మౌస్‌ను ఎంత విసురుగా తోసినా అంచు దగ్గర ఆగిపోతుంది, గురి తప్పదు.

మా రైస్ మిల్లు సాఫ్ట్‌వేర్‌లో మెనూ వరుస మార్చి కొత్తగా చేద్దామనుకుంటున్నాం. సలహా?

రోజూ వాడే గుమాస్తాను అడగకుండా చేయకండి. మిర్యాలగూడ మిల్లుల్లో లెక్కలు రాసేవారి వేళ్లు కళ్లకన్నా ముందు పోతాయి. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఎఫ్8 అంటే అమ్మకం, ఎఫ్9 అంటే కొనుగోలు, ఎఫ్5 అంటే చెల్లింపు అని వాళ్లు చూడకుండానే నొక్కుతారు. మెనూలో ఏ అక్షరం నొక్కితే ఏది తెరుచుకుంటుందో కూడా వాళ్లకు కంఠతా. ధాన్యం లారీలు బారులు తీరిన సీజన్‌లో వరుస మారిస్తే ఆ నైపుణ్యమంతా ఒక్క ఉదయంలో నీళ్లపాలు. మార్చక తప్పకపోతే సీజన్ అయ్యాక మార్చండి, పాత కీలు పనిచేస్తూనే ఉండనివ్వండి. ప్రతి అంశం పక్కన దాని కీ చూపించండి, కొత్తగా చేరినవాళ్లు చూస్తూ చూస్తూ నేర్చుకుంటారు.

'వాడకాన్ని బట్టి తనంతట తానే మారే మెనూ' అని ఎవరైనా అమ్మజూపితే మైక్రోసాఫ్ట్ అనుభవం గుర్తు చేయండి. ఆఫీస్ 2000లో తరచుగా వాడని ఆదేశాలను దాచే మెనూలు తెచ్చారు. నిన్న ఉన్నది ఇవాళ కనిపించక జనం విసిగిపోయారు. ఆఫీస్ 2007లో ఆ మెనూల స్థానంలో ప్రధాన ప్రోగ్రాములకు రిబ్బన్, అంటే ఆదేశాలను బటన్లుగా పరిచి చూపే పట్టీ, వచ్చింది. ఇటీవల వాడినవి చూపాలనుకుంటే పైన విడిగా చూపండి. అసలు జాబితాను కదిలించకండి.

ఇప్పుడు పనిచేయని అంశాన్ని దాచాలా, మసకగా చూపాలా?

మసకగా చూపాలి, ఎందుకు పనిచేయడం లేదో చెప్పాలి. 'బిల్లు ఎంచుకున్నాకే ప్రింట్' అని ఉంటే మనిషికి దారి తెలుస్తుంది. ఆ వినియోగదారుకు ఎప్పటికీ అనుమతి లేనివైతే అసలు చూపకపోవడమే మంచిది. 'తొలగించు'ను 'సేవ్' పక్కన పెట్టకండి. మధ్యలో ఒక గీత, కొంత దూరం ఉండాలి.

కొన్ని అంశాల చివర మూడు చుక్కలు ఎందుకుంటాయి?

నొక్కగానే పని అయిపోదు, ముందు ఇంకో పెట్టెలో వివరాలు అడుగుతుంది అని చెప్పడానికి. 'ప్రింట్…' అంటే కాగితం వెంటనే రాదు, ఎన్ని కాపీలో అడుగుతుంది.

ఫోన్ చేస్తే 'ఒకటి నొక్కండి, రెండు నొక్కండి' అని వినిపించే మెనూకు కూడా ఇవే నియమాలా?

కాదు. అక్కడ జ్ఞాపకమే దిక్కు, మిల్లర్ చెప్పింది అసలు పనికొచ్చేది అక్కడ. నాలుగైదు దాటకూడదు. పని ముందు చెప్పి అంకె తర్వాత చెప్పాలి: 'కరెంటు పోయిందని చెప్పడానికి ఒకటి నొక్కండి.' అంకె ముందు చెబితే పని వినేలోపు అంకె మరిచిపోతారు. భాష ఎంపికను ఇంగ్లిషులో అరనిమిషం స్వాగతం పలికిన తర్వాత కాదు, మొదటి మాటగా పెట్టండి. మనిషితో మాట్లాడే దారి తప్పనిసరి, తొమ్మిదో అంకె వెనక దాచి కాదు.

చూపు లేనివారు మెనూ ఎలా వాడతారు?

తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వింటారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉంటుంది, కంప్యూటర్‌కు ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని ప్రకటించాలి, లేకపోతే తెలుగును ఇంగ్లిషు గొంతుతో చదవబోతుంది, లేదా వదిలేస్తుంది. మెనూ పేర్లను బొమ్మలుగా కాక అక్షరాలుగానే ఉంచండి. మన దగ్గర పాత ఫాంట్ల సమస్యకు భయపడి పేర్లను బొమ్మలు చేసే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది, ఏ ఫోన్‌లోనైనా తెలుగు అక్షరాలు ఒకేలా తెరుచుకునే యూనికోడ్ పద్ధతి వచ్చాక దానికి కారణం లేదు. ప్రతి పేజీలో మెనూ మొత్తం వినకుండా అసలు విషయానికి దాటే లింకు మొదట పెట్టండి. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్ కీలతోనే మీ సైటు మొత్తం తిరిగి చూడండి. ఎక్కడ చిక్కుకుంటారో అక్కడే వాళ్లూ చిక్కుకుంటారు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్ర మార్గదర్శకాలు 2009 నుంచి ఉన్నాయి. ప్రభుత్వ కళాశాలకో కార్యాలయానికో చేస్తున్నవారు ముందు అవి చదవాలి.

సెర్చ్ పెట్టె ఉంటే మెనూ అవసరమా?

అవసరమే. వెతకాలంటే ఏమని పిలవాలో ముందే తెలియాలి, టైపు చేయగలగాలి. తెలుగు టైపింగ్ రానివారు మనలో ఎంతమంది లేరు? మెనూ చూసి 'ఇదీ ఇక్కడ దొరుకుతుందా' అని తెలుసుకునేవాళ్లూ ఉంటారు. సెర్చ్ పెడితే మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగును కూడా అర్థం చేసుకునేలా పెట్టండి.

మా మెనూ బాగుందో లేదో ఖర్చు లేకుండా ఎలా తెలుసుకోవాలి?

పేజీల పేర్లను ఒక్కొక్కటి ఒక్కో చీటీ మీద రాయండి. సైటు వాడబోయే పది పదిహేను మందికి విడివిడిగా ఇచ్చి, కలిసి ఉండవలసినవి కలిపి పెట్టమనండి, ప్రతి కుప్పకూ పేరు పెట్టమనండి. మీకు రెండు సంగతులు తెలుస్తాయి: జనం వేటిని ఒక గుంపుగా చూస్తున్నారు, ఆ గుంపును ఏమని పిలుస్తున్నారు. రెండోదే ఎక్కువ విలువైనది. జడ్చర్ల మార్కెట్ యార్డులో వేరుశనగ తెచ్చిన రైతుల చేత చీటీలు పేర్పిస్తే, మీరు 'ఉత్పత్తుల ధరల సమాచారం' అని రాసిన చీటీని వాళ్లు 'ఇవాళ్టి రేటు' అంటారు. ఆ మాటే మెనూలో పెట్టండి.

తర్వాత ఉల్టా పరీక్ష. డిజైను ఏమీ లేకుండా మెనూ పేర్లు మాత్రమే కాగితం మీద రాసి, 'మీ అమ్మాయి ఫీజు రసీదు కావాలి, ఏది నొక్కుతారు?' అని అడగండి. మొదట వేలు ఎక్కడికి పోయిందో రాసుకోండి. చెప్పకండి, సాయం చేయకండి, ముఖ్యంగా 'అది కాదండీ' అనకండి. సంస్థలో పనిచేసేవారిని అడిగితే ఉపయోగం లేదు, వాళ్లకు దారి ముందే తెలుసు.

ఫోన్ తెర మీద పరీక్ష మాత్రం బయట ఎండలో చేయండి. లేత బూడిదరంగు అక్షరాలు ఏసీ గదిలో ముచ్చటగా ఉంటాయి, మే నెలలో నల్గొండ గడియారం సెంటర్‌లో మాయమైపోతాయి. మామూలు పరిమాణం అక్షరాలకు, వాటి వెనకరంగుకు మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కు 1 ఉండాలన్నది ప్రమాణం. దాన్ని కొలిచి చెప్పే ఉచిత పరికరాలు వెబ్‌లో దొరుకుతాయి.

లోగో నొక్కితే మొదటి పేజీకి పోతుంది కదా, 'హోమ్' ఎందుకు?

లోగో నొక్కవచ్చని తెలియనివారి కోసం. ఉంచండి.

మెనూ మార్చాక పాత లింకుల సంగతి?

పాత చిరునామా తెరిచినవారు నేరుగా కొత్త పేజీకి చేరేలా సర్వర్‌లో శాశ్వత దారిమళ్లింపు పెట్టించండి, మొదటి పేజీకి కాదు, సరిగ్గా ఆ విషయం ఉన్న పేజీకే. చీర పెట్టెల మీద, బిల్లుల వెనక, ప్రవేశాల కరపత్రాల మీద అచ్చువేసిన క్యూఆర్ కోడ్‌లను మీరు వెనక్కి తెచ్చుకోలేరు. అవి ఎవరి బీరువాలోనో ఏళ్ల తరబడి ఉంటాయి. డెవలపరు మారినప్పుడు ఈ దారిమళ్లింపుల జాబితాను కూడా పాస్‌వర్డులతో పాటు అడిగి తీసుకోండి.